బోర్డు మీద పై గీత

నాలుగో అంతస్తు,
వంటింటి కిటికీ పక్కన

ఒరే తమ్ముడూ,

నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను. మేం ఉన్నాం. క్షేమమో కాదో ఇది చదివాక నువ్వే తేల్చుకో.

నన్ను మన బిల్డింగు అసోసియేషన్‌కి సెక్రటరీని చేశారు. నవ్వకు. నువ్వూ ఐదో నంబరు ఇల్లు కొనుక్కుని, బదిలీ అయ్యేదాకా ఇక్కడ ఉన్నవాడివేగా, మన మీటింగుల తీరు నీకు తెలుసు. చివరగా ఎవరు నోరు తెరిస్తే తాళాలగుత్తి వాళ్ల చేతిలో పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. అందుకే పది ఇళ్లవాళ్లూ వచ్చి గోడలు చూసుకుంటూ బెల్లంకొట్టిన రాళ్లలా కూర్చుంటారు. మొన్న కూడా అంతే. నేనేమో పొయ్యి మీద పాలు పెట్టి వెళ్లాను. చూసి చూసి, "ఇక లేద్దామా, పాలు పొంగిపోతాయి" అన్నాను. అంతే, పాత సెక్రటరీ లేచాడు. అదే, దేనికైనా 'సర్దుకుపోదాం' అనే మనిషి. "అమ్మా, మీరే చివర" అంటూ తాళాలు నా ఒళ్లో వేశాడు. సొంత కూతురి పెళ్లిలో కూడా ఆయన మొహం అంత వెలిగిపోలేదు. పాలు ఎలాగూ పొంగిపోయాయి.

సరదాగా రాస్తున్నాను గానీ నాకేం సరదాగా లేదు. మీ బావని ఆస్పత్రి నుంచి తెచ్చిన వారానికే లిఫ్టు ఆగిపోయింది. రిపేరు కాదురా, బాకీ. మనవాళ్లు నెలల తరబడి కట్టకపోయేసరికి లిఫ్టు కంపెనీవాడు వచ్చి లోపలి పరికరమేదో ఊడబీక్కుని పోయాడు. పాత బాకీలో సగం కడితే గాని తిరిగి పెట్టడట. జీతం లేక వాచ్‌మన్ కూడా వెళ్లిపోయాడు. మెట్ల కింద వాడి గది ఖాళీగా పడి ఉంది.

ఉద్యోగమంతా బస్సులో కండక్టరుగా తిరిగిన మనిషి, ఇప్పుడు మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నారు. కుడి కాలు ఈడుస్తున్నారు, కుడి చెయ్యి పట్టు లేదు. ఫోనులో మాట తడబడుతుందని సిగ్గు. నీ ఉత్తరం వస్తే మాత్రం నా చేత రెండుసార్లు చదివించుకుంటారు. అందుకే ఫోను మాని ఉత్తరం రాయి. వసూళ్లు ఎలా చెయ్యాలో కూడా కాస్త సలహా చెప్పు.

మీ అక్క

*

డిపో స్టోర్సు గది

అక్కా,

నీ ఉత్తరం చదివి మీ మరదలు, నేను కడుపు పగిలేలా నవ్వాం. తర్వాత బావ సంగతి దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

సలహా అడిగావు కాబట్టి చెబుతున్నాను. మెత్తగా ఉంటే మొత్తుతారు. నా స్టోర్సులో నా సంతకం లేకుండా బస్సు నట్టు ఒక్కటి బయటికి పోదు, ఎంత పెద్ద ఇంజినీరు వచ్చి నిలబడినా సరే. నువ్వూ అలాగే ఉండాలి. గేటు దగ్గర ఒక నల్లబోర్డు పెట్టు. కట్టనివాళ్ల ఇంటి నంబర్లు సుద్దముక్కతో రాయి, ఎక్కువ బాకీ ఉన్నవాడిది పైన, తక్కువవాడిది కింద. ఎవరి మొహమూ చూడొద్దు. వచ్చేపోయేవాళ్లు చదువుతుంటే సిగ్గుతో వాళ్లే తెచ్చి కడతారు. అప్పటికీ కట్టకపోతే నీళ్ల పైపు కట్టెయ్. ఒక్క పూట చాలు.

మా ఇంట్లో అద్దెకున్న డ్రాయింగు మేష్టరు బాగున్నాడా? పాపం నోట్లో నాలుక లేని మనిషి. ఆయన్ని మాత్రం ఈ గొడవల్లోకి లాగకు.

బావకి నా నమస్కారాలు చెప్పు. లిఫ్టు తిరగ్గానే నేనొచ్చి ఆయన్ని గేటు దాకా నడిపిస్తానని చెప్పు.

తమ్ముడు

*

నాలుగో అంతస్తు

తమ్ముడూ,

బోర్డు పెట్టాను. దాని సంగతి తర్వాత.

ముందు ఇంటింటికీ తిరిగాను. మూడో అంతస్తు ఆవిడ తలుపు తీయదు, "స్నానంలో ఉన్నానండీ" అని లోపల్నుంచే అంటుంది. పొద్దున వెళ్లినా స్నానమే, సాయంత్రం వెళ్లినా స్నానమే. అంత శుభ్రమైన మనిషి ఈ బిల్డింగులో ఇంకొకరు లేరు. 'సర్దుకుపోదాం' గారు టీ ఇచ్చాడు, కుశలమడిగాడు, డబ్బు మాట ఎత్తగానే నీళ్లు నమిలాడు. కింద దంతాల డాక్టరైతే ఖరాఖండీగా చెప్పాడు.

"నేనుండేది కింద. లిఫ్టు ఎక్కను. ఎక్కని లిఫ్టుకి నేనెందుకు కట్టాలి?"

"మొన్న నా పన్ను చూసి బాగానే ఉందన్నారు. పీకకుండానే ఫీజు తీసుకున్నారు కదా డాక్టరు గారూ" అన్నాను.

"అది వేరు, ఇది వేరు" అని తలుపేసుకున్నాడు. గోడకు చెప్పుకున్నా కాస్త జాలిపడేది.

నేనిలా కిందకీ పైకీ తిరుగుతుండగా జరిగిందిది. మీ బావ నాతో చెప్పకుండా దిగబోయారు. నాలుగుకీ మూడుకీ మధ్య మలుపు దాకా వచ్చి, కాలు మెలిపడి అక్కడే కూలబడ్డారు. మూడో అంతస్తు ఆవిడ స్నానం మాని తలుపు తీసి కేకపెట్టింది. నీ మేష్టరూ, గ్యాసు బండ తెచ్చిన మనిషీ కలిసి పైకి చేర్చారు. వాళ్లిద్దరి మధ్యా వేళ్లాడుతూ వస్తున్న ఆ మనిషిని నేను చూడలేకపోయానురా. ఆయనా నా మొహం చూడలేదు. ఆ రోజు నుంచి కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంటున్నారు. కిటికీ కూడా వద్దట.

ఆస్పత్రి డాక్టరుకి ఫోను చేస్తే ఆయన తిట్టాడు. ఇంట్లో వేసే నాలుగు అడుగులు చాలవట, రోజూ నేల మీద బారుగా నడవాలట. ఇలాగే కూర్చోబెడితే కాలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత లిఫ్టు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అన్నాడు.

ఇక బోర్డు. నువ్వు చెప్పినట్టే రాశాను, కింద నుంచి పైకి. బాకీ ఉన్న అందరి నంబర్లూ రాశాను. పై గీత ఒక్కటే ఖాళీగా వదిలేశాను. ఆ ఇంటివాళ్లు ఒక్కళ్లు కడితే చాలు, లిఫ్టువాడు రేపే వస్తాడు. ఎందుకు ఖాళీ వదిలావని అందరూ అడుగుతున్నారు. సుద్దముక్క అయిపోయిందని చెబుతున్నాను.

ఈ బోర్డు సంగతి మాత్రం మీ బావకి చెప్పలేదు.

అక్క

*

డిపో

అక్కా,

బావ పడ్డారని చదివి ఆ రోజంతా పని చెయ్యలేకపోయాను.

ఇక్కడ సరుకు తనిఖీ జరుగుతోంది. సెలవు అడిగే పరిస్థితి లేదు. ఇప్పుడప్పుడే డబ్బు సర్దే పరిస్థితి కూడా లేదు. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

ఆ పై గీతని కొన్నాళ్లు అలాగే ఉంచు.

తమ్ముడు

*

అసోసియేషన్ ఆఫీసు
(అంటే నాలుగో అంతస్తులో నా వంటగది)

ఐదో నంబరు ఇంటి యజమాని గారికి,

అయ్యా,

తమరి ఇంటి మెయింటెనెన్సు చాలాకాలంగా బాకీ ఉన్నది. అద్దెకున్నవారు కట్టడం లేదేమోనని ఇన్నాళ్లూ మేము మొహమాటపడ్డాము. నిన్న మెట్ల మీద తమరి అద్దెదారు డ్రాయింగు మేష్టరు గారు కనిపించారు. బోర్డు పై గీత తన గురించేనని ఆయనకి అనుమానం వచ్చిందట. కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశారు. "నేను ప్రతి నెలా అద్దెతో పాటు మెయింటెనెన్సు కూడా వారికి పంపుతూనే ఉన్నానమ్మా, ఒక్క నెల తప్పలేదు" అన్నారు. ఆ సొమ్ము అసోసియేషన్‌కి చేరలేదు. మధ్యలో ఎవరి దగ్గర ఆగిందో తమరికే తెలియాలి.

ఎవరి మొహమూ చూడొద్దని తమరే మాకు సలహా ఇచ్చి ఉన్నారు. నీళ్ల పైపు కట్టెయ్యమని కూడా చెప్పారు. కడితే ఆ మేష్టరుకి నీళ్లుండవు, తమరికేం నష్టం లేదు. కనుక ఈ నెలాఖరులోగా బాకీ అంతా చెల్లించవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
సెక్రటరీ

నాకు ఎంత కష్టంగా ఉందో తెలుసురా? నువ్వు ఆస్పత్రిలో డబ్బు కట్టి ఆయన్ని నిలబెట్టినవాడివి. నిన్ను అడగడానికి నోరు రాక, రోజూ ఆ బోర్డు ముందు నుంచి తలదించుకుని పోతున్నాను. నేను పరాయిదానిలా అలా నలిగిపోతుంటే నువ్వు మేష్టరిచ్చింది జేబులో వేసుకుని నాకు సలహాలు రాస్తావా. చెవిలో పువ్వు పెట్టుకుని కనిపించానా నీకు.

*

డిపో

సెక్రటరీ గారికి,

తమరి నోటీసు ముట్టింది. నీకు ఈ జన్మలో చెప్పకూడదనుకున్నాను, చెప్పించావు. ఈ ఉత్తరం బావకి చదవకు.

మేష్టరు పంపే మెయింటెనెన్సు నేను విడిగా ఒక డబ్బాలో వేసేవాణ్ణి. మన బిల్డింగులో నెలనెలా కట్టినవాడెవడు? ఏడాది చివర ఒకేసారి కట్టొచ్చులే అనుకున్నాను, అందరిలాగే. ఈలోగా నువ్వు ఫోను చేశావు. బావ మాట పడిపోయింది, ముందు డబ్బు కడితే గాని ఆస్పత్రివాళ్లు చేర్చుకోరు అన్నావు. ఆఫీసులో అప్పు తీశానని నీకు చెప్పాను. తీశాను. అది చాలలేదు. బస్సెక్కే ముందు ఆ డబ్బా కూడా ఊడ్చి తెచ్చాను. ఆ తర్వాత మేష్టరు పంపుతున్నది కూడా ఆ అప్పు వాయిదాలకే పోతోంది. నా జీతంలో కోతలు పోగా మిగిలేది మా ఇద్దరి తిండికి సరిపోతోంది. మీ మరదలు ఇంతవరకు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నాకు ఇంకో అప్పు ఎవరూ ఇవ్వరు. లిఫ్టు డబ్బుతో బావని బతికించుకున్నాం అక్కా. ఇప్పుడు బావ దిగడానికి లిఫ్టు కావాలంటున్నావు. రెండూ ఒకటే డబ్బు. ఒకసారే ఖర్చయింది.

కావాలంటే బోర్డు మీద నా నంబరు రాసెయ్. నిజంగానే రాసెయ్. నువ్వు రాయకుండా వదిలేసిన ఆ గీత రాసినదానికంటే ఎక్కువ కొడుతోంది నన్ను.

తమ్ముడు

*

నాలుగో అంతస్తు

ఒరే నాన్నా,

నువ్వు వద్దన్నావు, నేనూ చదవకూడదనే అనుకున్నాను. కవరు చించి వంటింట్లో నిలబడి చదువుకుంటుంటే నా ముక్కు చీదుడు ఆయనకి వినిపించింది. కుర్చీ ఇటు తిప్పారు. "ఏం రాశాడు?" అన్నారు. అసోసియేషన్ గొడవలే అన్నాను. ఎడంచెయ్యి చాపారు. చాపిన చెయ్యి దించలేదు. ఏం చెయ్యను? ఇచ్చాను.

జబ్బు చేశాక ఆయన సొంతంగా చదివిన మొదటి కాగితం అదే. ఒక్కో అక్షరం పెదాలు కదుపుతూ చాలాసేపు చదివారు. చదివి మడత పెట్టి దిండు కింద పెట్టుకున్నారు. నేను ఏడుస్తూ నీకిచ్చిన నోటీసు వెనక్కి తీసుకున్నానని చెప్పాను. నవ్వలేదు.

సాయంత్రం అన్నారు, "వాణ్ణి ఆదివారం రమ్మను. నన్ను దింపాలి." మళ్లీ ఎక్కించడం ఎలా అంటే, చేతికర్ర ఎక్కడ పెట్టావని అడిగారు.

నీకు సెలవు దొరక్కపోతే ఆదివారం పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపో. నా మీద కోపముంటే ఉండనీ, అదే కోపంతో రా.

అక్క

*

మెట్ల కింద, వాచ్‌మన్ గది

తమ్ముడూ,

పైన రాసింది చూసి కంగారు పడకు. మీ బావ ఇక్కడే ఉంటున్నారు, నేను ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను.

నువ్వూ మేష్టరూ కుర్చీతో సహా ఆయన్ని దించుతుంటే నేను వెనకాల చేతికర్ర పట్టుకుని వచ్చానా, ఒక సంగతి చూశావా? ప్రతి మలుపులో మీరు ఆగి ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒక తలుపు తెరుచుకుంది. బాకీ అడగడానికి నేను కొడితే తెరుచుకోని తలుపులే అన్నీ. మూడో అంతస్తు ఆవిడ మంచినీళ్లు కూడా తెచ్చింది. నీ చొక్కా భుజం దగ్గర చిరిగింది, ఈసారి వచ్చినప్పుడు కుట్టిపెడతాను.

పైకి తర్వాత వెళ్తానని నిన్ను బస్సుకి పంపేశాక సాయంత్రం మీటింగు పెట్టించారాయన, కిందే, స్కూటర్ల మధ్య. అందరూ వచ్చారు, ఎప్పటిలాగే గోడలు చూస్తూ కూర్చున్నారు. పైకెలా వెళ్తారు అని అడగడానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు, అడిగితే అదే చివరి మాట అవుతుందేమోనని. అందరూ లేవబోతుండగా ఈయన నోరు తెరిచారు. ఒక్కో మాటా కూడగట్టుకుంటూ అన్నారు.

"నేనే చివర. తాళాలు... నాకివ్వండి."

నేను వద్దని చెయ్యి పట్టుకున్నాను. వింటేగా. 'సర్దుకుపోదాం' గారు మొదటిసారి సర్దుకోలేక తల వంచుకున్నాడు.

తర్వాత బోర్డు దగ్గరికి తీసుకెళ్లమన్నారు. ఎడంచేత్తో సుద్దముక్క పట్టుకుని, పై గీత మీద పది అని రాశారు. మా నంబరు. "మనకి ఒక్క పైసా బాకీ లేదు కదండీ" అన్నాను. "ఆ డబ్బు తిన్నది నా ఒళ్లు. బాకీ నాది" అన్నారు. పెన్షనులోంచి నెలనెలా కట్టుకుంటారట.

ఆ రాత్రి ఈ గది తాళం తీయించి ఇక్కడే పడుకున్నారు. మర్నాటి నుంచి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గేటు నుంచి మెట్ల దాకా కర్రతో నడక, మళ్లీ కుర్చీ. ఎవరు లోపలికొస్తున్నా ఎవరు బయటికెళ్తున్నా ఎడంచెయ్యి చాపడం, "టికెట్టు" అనడం. ఒక్క మాటే. తిట్టరు, గట్టిగా మాట్లాడరు. మొదట నవ్వారు అందరూ. కానీ రోజూ ఆ చేతి పక్కనుంచి ఎంతమంది నడవగలరు చెప్పు. దంతాల డాక్టరు దగ్గరికొచ్చే రోగులు ఈయన పక్క బెంచీ మీదే కూర్చోవాలి కదా, "మీరు పైకెందుకు వెళ్లడం లేదు పెద్దాయనా" అని అడగడం మొదలుపెట్టారు. ఈయన నెమ్మదిగా బోర్డు చూపించేవారు. డాక్టరు నెల తిరక్కుండా అంతా తెచ్చి కట్టేశాడు. రసీదు కూడా అడగలేదు. ఈయన పిలిచి మరీ ఎడంచేత్తో రాసిచ్చారు.

ఆ వెనకే మిగతావాళ్లూ ఒక్కొక్కరే కట్టారు. మొన్న లిఫ్టువాడు వచ్చాడు. లిఫ్టు తిరుగుతోంది. అందరూ ఎక్కుతున్నారు, ఒక్క మీ బావ తప్ప. పై గీత మీద ఇంకా పది ఉందిగా. "టికెట్టు లేనివాణ్ణి బస్సెక్కించానా ఎప్పుడైనా?" అంటున్నారు. ఆ బాకీ తీరేసరికి ఏళ్లు పడుతుందిరా. అందాకా ఈ గదిలోనేనట. గోడలు చెమ్మ, పడుకుంటే కాళ్లు తలుపుకి తగులుతాయి. నేను ఎక్కుతానంటే, "నీదీ అదే ఇల్లు. నీ ఇష్టం, నీ మనస్సాక్షి" అన్నారు. ఇంకెలా ఎక్కను? నా పక్కనుంచే లిఫ్టు ఖాళీగా పైకి పోతుంటే క్యారేజీ పట్టుకుని మెట్లెక్కుతున్నాను. దిగుతున్నాను. మీ ఇద్దరి పరువుకీ నా మోకాళ్లు అరిగిపోతున్నాయి. ఆయన్ని కిందకి తేవడానికి ఏడ్చాను, ఇప్పుడు పైకి తేవడానికి ఏడుస్తున్నాను. నా వల్ల కాదు. నీ మాటైతే వింటారేమో, నువ్వే రాయి.

దీంతో పాటు ఆయన ఇమ్మన్న రసీదు పెడుతున్నాను. అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి, కానీ చదవొచ్చు. 'ఐదో నంబరు ఇంటివారి బాకీ మొత్తం ముట్టినది. సెక్రటరీ.'

అక్క

*

డిపో స్టోర్సు గది

బావగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం మీకే. అక్క చేత చదివించుకోకండి, మీరే చదవండి.

రసీదు ముట్టింది. స్టోర్సు వాణ్ణి కదా, కాగితం రాగానే అటూ ఇటూ తిప్పి చూశాను. సంతకం సరిగ్గానే ఉంది. దీని ప్రకారం నేను మీకు గాని, అసోసియేషన్‌కి గాని బాకీ లేను. వద్దని నేను వాదించను. మీతో వాదించి బస్సు దిగిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

కానీ సెక్రటరీ గారు ఒక సంగతి మర్చిపోయారు. ఐదో నంబరుకి బాకీ లేదంటే, ఐదో నంబరుకి లిఫ్టు హక్కు ఉన్నట్టే. ఐదో నంబరుకి వచ్చే చుట్టాలకీ ఉన్నట్టే. ఇంటి యజమానిగా ఈ ఆదివారం మిమ్మల్నీ అక్కనీ మా ఇంటికి భోజనానికి పిలుస్తున్నాను. మేష్టరుతో మాట్లాడాను, సంతోషంగా సరేనన్నాడు. మా ఆవిడ కూడా వస్తోంది. టికెట్టున్న ఇంటి చుట్టాన్ని ఆపే అధికారం ఏ సెక్రటరీకీ లేదు. మీ రూల్సే ఇవి, నావి కావు.

రెండో అంతస్తులో దిగండి. మీ టికెట్టు అక్కడి దాకానే అని నాకూ తెలుసు. భోజనాలయ్యాక ఇంకో రెండు అంతస్తులుంటాయి. వాటికి లిఫ్టు వద్దు. కిందకి మోసినవాణ్ణి నేనే, పైకి మోసేదీ నేనే. సోమవారం సెలవు పెట్టాను, పొద్దున మళ్లీ దించుతాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం వస్తాను. మిగతా రోజులకి మేష్టరు తన భుజం ఇస్తానన్నాడు.

అక్కని ఆ చిరిగిన చొక్కా ఇప్పుడే కుట్టొద్దని చెప్పండి. మళ్లీ అక్కడే చిరుగుతుంది.

మీ బావమరిది,
ఐదో నంబరు